తికమక మామ చివరి ఐదు నిమిషాలు

మా మేనత్త ముందు ఒక చొక్కా పెడితే చాలు, దాన్ని వేసుకున్నవాడి జాతకం చెప్పేస్తుంది. "ఇది మేకు తగిలి చిరిగింది. ఇది ఎలుక కొరికింది. ఇది సిగరెట్ నిప్పు, పెళ్లానికి మాత్రం మేకు తగిలిందనే చెప్పి ఉంటాడు." ఆమెది రఫూ పని. చిరిగిన చోట, అదే గుడ్డ లోపలి మడతలోంచి పోగులు లాగి, సూదితో ఒక్కొక్కటే అల్లి, అసలు చిరగనే లేదన్నట్టు చేస్తుంది. పని అయ్యాక ఎక్కడ అల్లిందో నన్ను వెతకమనేది. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ వెతుకుతున్నాను, ఒక్కసారీ దొరకలేదు.

అలాంటి మనిషికి టీవీలో ఆ పిచ్చి డిటెక్టివ్ సీరియల్ ఎందుకంత ఇష్టమో నాకు మింగుడుపడేది కాదు.

ఆదివారం సాయంత్రం ఆరింటికి వస్తుంది. డిటెక్టివ్ పొట్టిగా, బొద్దుగా ఉంటాడు. భూతద్దం పట్టుకుని దొంగను వదిలేసి చీమల వెంట పడతాడు. దాక్కుందామని బీరువాలో దూరి, తలుపు బిగుసుకుపోతే తనే "కాపాడండి" అని కేకలు పెడతాడు. మేం ఆయనకు తికమక మామ అని పేరు పెట్టుకున్నాం. ప్రతి వారం వరస ఒకటే. అరగంట గడిచేసరికి ఏ పాపం ఎరగనివాణ్ణి పట్టుకుని నలుగురిలో "దొంగవి నువ్వే" అంటాడు. తర్వాత ఎలాగో అసలు దొంగ దొరుకుతాడు. చివరి ఐదు నిమిషాల్లో, తాను నింద వేసిన మనిషి గుమ్మం ముందుకు వెళ్లి "తప్పు నాదండీ" అంటాడు. వాళ్లు ఊరుకుంటారా? ఒకరు బకెట్ నీళ్లు కుమ్మరిస్తారు, ఇంకొకరు కుక్కను వదులుతారు. ఆయన తడిసిన కోటుతో, కుక్క నోట్లో పంట్లాం ముక్కతో, చెప్పాల్సింది పూర్తిగా చెప్పే వెళ్తాడు.

అత్త మిగతా సీరియలంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది. ఆ ఐదు నిమిషాలు మాత్రం కొయ్యబారిపోయి చూసేది. కుక్క పంట్లాం చింపినా, "ఇది నా దగ్గరికొస్తే రెండు గంటల పని" అనాల్సిన మనిషి పెదవి విప్పేది కాదు.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "దొంగ ఎవరో నీకు మొదటి ప్రకటనలప్పుడే తెలిసిపోతుంది కదత్తా. ఇంకెందుకు చూడటం?"

"దొంగ ఎవడైతే నాకేంటే? తప్పు నాదని అనడానికి ఆయన నోరు ఎలా వస్తుందో చూద్దామని."

నవ్వి ఊరుకున్నాను. నా బుద్ధి అంతవరకే.

అత్తకు ఒక తోడికోడలు ఉంది, మామయ్య తమ్ముడి భార్య. నేను చిన్నత్త అంటాను. బట్టలు ఉతికి ఇస్త్రీ చేసిచ్చే షాపులో వెనక గదిలో అత్త రఫూ చేస్తుంటే, ముందు బల్ల దగ్గర చిన్నత్త ఇస్త్రీ చేసేది. ఒకే గొడుగులో వెళ్లి ఒకే గొడుగులో వచ్చేవాళ్లు. తొమ్మిదేళ్ల కిందట ఒక తెల్ల నూలు కోటు ఇస్త్రీ బల్ల మీంచి దిగేసరికి జేబు కింద చిన్న చిన్న చిల్లులు పడి ఉన్నాయి, గోధుమరంగు అంచులతో. యజమాని అత్తను పిలిచాడు. గుడ్డ విషయంలో ఆమె మాటకు అక్కడ తిరుగు లేదు. అంచు తడిమి చూసి, "ఇస్త్రీ పెట్టె మాడ్చింది" అంది.

"నేను మాడ్చలేదక్కా."

"గుడ్డ అబద్ధం చెప్పదు," అంది అత్త, అందరి ముందూ.

చిన్నత్త పని పోయింది. ఆ తర్వాత మా గడప తొక్కలేదు. కోటు బాగుచేసేటప్పుడు కత్తిరించిన ఆ చిల్లుల అంచును అత్త ఒక బిస్కెట్ల డబ్బాలో దాచింది, ఎవరైనా అడిగితే చూపించడానికని. ఎవరూ అడగలేదు.

కిందటి నెల నేను షాపులో ఉండగా ఒక డ్రైవరు నూలు పంట్లాం తెచ్చాడు. తొడ మీద చిల్లులు, గోధుమరంగు అంచులతో.

"ఇస్త్రీ మాడిందా బాబూ?"

"కాదమ్మా, బండి బ్యాటరీ యాసిడ్. చిందినప్పుడు ఏమీ కనపడలేదు. వేడి తగిలేసరికి ఇలా తేలింది."

అత్త ఆ బిస్కెట్ల డబ్బా తీసి, కోటు తాలూకు పాత ముక్కను పంట్లాం పక్కన పెట్టింది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. ఇస్త్రీ పెట్టె మాడిస్తే మచ్చ వెడల్పుగా పడుతుంది. ఇవి చుక్కలు. కోటు షాపుకు వచ్చేటప్పుడే యాసిడ్ మోసుకొచ్చింది.

"గుడ్డ నిజమే చెప్పిందే. నాకే చదవడం రాలేదు," అంది.

"ఎప్పటి మాటో. ఫోన్ చేసి చెప్పరాదూ?"

"తికమక మామ ఎప్పుడైనా ఫోన్‌లో చెప్పాడా?"

ఆదివారం సీరియల్ మధ్యలో టీవీ కట్టేసి లేచింది. డబ్బా చంకన పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. చిన్నత్త ఉండేది మూడో అంతస్తులో. మెట్ల మలుపులో గోడకు చెయ్యి ఆనించి ఆగింది.

"ఆ మాట తూలిన మర్నాడే నాకు అనుమానం వచ్చింది. మచ్చ ఆకారం సరిగ్గా లేదు. ఒప్పుకోడానికి మొహం చెల్లలేదు."

డబ్బా నేను పట్టుకుంటానన్నాను. ఇవ్వలేదు.

తలుపు తెరిచింది చిన్నత్తే. జుట్టు బాగా నెరిసింది. ఆమె వెనక టీవీలో తికమక మామ ఎవరి గుమ్మంలోనో నీళ్లోడుతూ నిలబడి ఉన్నాడు.

అత్త నోరు తెరిచింది. చిన్నత్త చెయ్యెత్తింది.

"ఆగక్కా. ముందు ఆయన్ని చెప్పనీ."

గుమ్మానికి ఆవల ఒకరు, ఈవల ఒకరు. ఇద్దరూ టీవీ వైపే చూస్తూ నిలబడ్డారు. అంటే ఈవిడా ఇన్నేళ్లూ ప్రతి ఆదివారం ఈ ఐదు నిమిషాల కోసమే కూర్చుందన్నమాట. పిచ్చి సీరియలని నేను వెక్కిరించినదానికి సిగ్గుతో చచ్చిపోయాను. అందులో అంత బలం ఉంటుందని కలలో కూడా అనుకోలేదు.

తికమక మామ వెళ్లిపోయాడు. అత్త డబ్బా మూత లాగింది. అది బిగుసుకుపోయింది. గట్టిగా లాగేసరికి ముక్క చిన్నత్త కాళ్ల దగ్గర పడింది, డబ్బా మెట్ల మీద దొర్లుకుంటూ కిందికి పోయింది.

"అది యాసిడ్," అంది అత్త. "నువ్వు మాడ్చలేదు. అందరి ముందూ నిన్నన్నాను. తప్పు నాది."

నలభై ఏళ్లుగా చిరుగు కనపడకుండా దాచడమే పనిగా బతికిన మనిషి, ఆ ముక్కను అలా నడి గుమ్మంలో పరిచి నిలబడింది.

చిన్నత్త ముక్క తీసుకుని వేళ్ల మధ్య నలిపి చూసింది, అచ్చం అత్తలాగే. కింద డబ్బా ఇంకా మోగుతూనే ఉంది.

"ఆ రోజు షాపులో ఆరుగురున్నారక్కా."

"తెలుసు. రేపటినుంచి ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లి చెబుతాను."

చిన్నత్త ఆ ముక్కను మడిచి గుప్పిట్లో పెట్టుకుంది. తర్వాత పైట చెంగుతో కళ్లు తుడుచుకుని, తలుపు బార్లా తెరిచింది.

"మా ఇంట్లో కుక్క లేదు. లోపలికి రా."