టీవీలో పొట్టేలు, వాకిట్లో మేక

లాల్‌దర్వాజాలో మాది ఆరు బర్రెల పాల కొట్టం. నిరుడు నా పదేళ్ల కూతురు డెంగీతో మంచం పట్టినప్పుడు, పిల్ల లేస్తే బోనాలకు మేకపోతును ఇస్తానని అమ్మవారికి మొక్కాను. లేచింది. మొక్కిన మేకను పండుగకు ముందు రోజు తెచ్చుకోవాలి. నా తొందర తగలెయ్య, రెండు నెలల ముందే తెచ్చి బర్రెల పక్కన కట్టేశాను. ఇక అదీ పిల్లా ఒకటే జట్టు. రోజూ బర్రెలను కడిగేటప్పుడు పిల్ల దాని ఒంటి మీదా నీళ్లు కొట్టేది. అది మొండిగా నిలబడేది. పిల్ల వెళ్లి మెడ కావలించుకోగానే ఒళ్లంతా దులుపుకుని పిల్లను తడిపేది. ఆ నవ్వు గల్లీ చివరిదాకా వినపడేది.

పండుగకు ముందు ఆదివారం మధ్యాహ్నం టీవీలో బైబిల్ కథతో తీసిన సినిమా వచ్చింది, తెలుగు డబ్బింగ్. ముసలి తండ్రి దేవుడి మాట మీద కన్నకొడుకును బలివ్వడానికి కొండెక్కిస్తున్నాడు. బట్టలు ఎడారివి, మాటలు మాత్రం పౌరాణిక నాటకానివి. మా అమ్మ వత్తులు చేస్తూ, "మాటిచ్చిండు గదా, ఏం జేస్తడు పాపం" అంది. కత్తి ఎత్తగానే ఆపమని ఆకాశం నుంచి గొంతు. పొదలో కొమ్ములు చిక్కుకున్న పొట్టేలు కనపడితే, కొడుకు బదులు దాన్ని బలిచ్చాడు.

"హమ్మయ్య, పిలగాడు బతికిండు" అంది మా ఆవిడ.

నా కూతురు టీవీ వైపు చూడలేదు. నా వైపు చూసింది.

"బాపూ, మన మేక నా బదులా?"

చానల్ మార్చాను.

"మనకు గూడ ఆపుమని ఎవరన్న చెప్తరా?" అని నాయనమ్మను అడిగింది. అమ్మ ఊరుకోవచ్చు కదా! "మన తల్లి గట్ల మాట్లాడదు బిడ్డా. మేక మీద నీళ్లు పోస్తం. ఒళ్లు దులుపుకుంటె తల్లి ఒప్పుకున్నట్టు. దులుపుకోకపోతె వద్దన్నట్టే, ఇడిచిపెడ్తం" అని చెప్పేసింది.

ఆ వారమంతా పిల్ల మేకకు నీళ్లు కొట్టలేదు.

బోనాల రోజు వాకిట్లో మేక మీద పసుపు నీళ్లు పోశారు. కదల్లేదు. రెండో చెంబు పోశారు. డప్పులు ఆగాయి. బంధువులు ముఖాలు చూసుకున్నారు. దులుపుకోనియ్యకు తల్లీ అని, మొక్కినవాణ్ని నేనే, లోపల్లోపల మొక్కుకున్నాను. మూడో చెంబు. చెవి కూడా ఆడించలేదు.

"ఇగ చాలు, ఇడిచిపెట్టుండ్రి" అంది అమ్మ.

పిల్ల సంతోషం పట్టలేక ఉరికొచ్చి మేక మెడ కావలించుకుంది.

మేక ఒళ్లంతా దులుపుకుంది.

"తల్లి ఒప్పుకున్నది!" అని ఒకటే కేకలు. డప్పులు మళ్లీ మొదలయ్యాయి. పిల్ల ముఖమంతా పసుపు నీళ్లు.

"బాపూ, అది నన్ను జూసి దులుపుకున్నది. నీకెర్కనే గదా. చెప్పు వాళ్లకు!"

ఎరికే. వాకిలి నిండా జనం. ఎదురుగా అమ్మ చేతులు జోడించి నిలబడింది. మేక మెడ చుట్టూ ఉన్న పిల్ల చేతులను విడదీసింది నేనే.