రాగి బాన మెడకు రవిక గుడ్డ

ఓర్వకల్లు దగ్గరి విస్కీ ఫ్యాక్టరీలో నా పని వాల్వులు చూడటం. పీడనం పెరిగితే ఆవిరిని బయటికి వదిలేవి కొన్ని, లోపల గాలి తగ్గితే బయటి గాలిని లోపలికి తీసుకునేవి కొన్ని. ఒక్కోదానికి నంబరు కొట్టిన ఒక రేకు బిళ్ల, ఒక సీలు ఉంటాయి. అవి సరిగ్గా ఉన్నాయో లేదో చూసి రిజిస్టరులో రాయాలి. మాట్లాడే అవసరం తక్కువ కాబట్టి ఈ ఉద్యోగం నాకు సరిపోయింది. మా ఊళ్లో మగ్గాలవాళ్లు అడిగితే, నేను కెమికల్ ఫ్యాక్టరీలో ఉన్నానని అమ్మ చెప్తుంది. అది అబద్ధం కూడా కాదు.

విస్కీ కాచే రాగి పాత్రను అక్కడ అందరూ బాన అంటారు. అది పగులుతుందేమోనని అందరికీ భయమే గాని, నలుగుతుందని ఎవరికీ తోచదు. వేడినీళ్లు పోసిన ప్లాస్టిక్ సీసాను ఖాళీ చేసి వెంటనే మూత బిగిస్తే, చల్లారేకొద్దీ సీసా సొట్టలు పడుతుంది. బాన కూడా అంతే. కాచడం అయిపోయాక అడుగున మిగిలిన వేడి నీళ్లను వదిలేటప్పుడు లోపలికి గాలి పోవాలి. లేకపోతే రాగి రేకు నలిగి చిరుగుతుంది. కింద నిలబడ్డ మనిషి మీద మరిగే నీళ్లు పడతాయి. అందుకని ఆపరేటరు ముందుగా చేత్తో గాలి వాల్వు తిప్పుతాడు. అతను మరిచిపోయినా ప్రమాదం రాకుండా, తనంతట తానే తెరుచుకునే వాల్వు ఇంకోటి బాన మెడ దగ్గర ఉంటుంది. చూడటానికి పుట్టగొడుగులా ఉంటుంది.

ఆయుధపూజకు బానను కడిగేటప్పుడు, నీళ్లు పోకుండా ఆ పుట్టగొడుగుకు పాలిథీన్ కవరు తొడిగి దారంతో కట్టారు. కట్టింది బాన ఆపరేటరు. యాభై దాటిన మనిషి, మేమందరం పెద్దన్నా అని పిలుస్తాం. కడగడం అయ్యాక ఆ కవరు మీదనే పసుపు రాసి, అమ్మవారికి పెట్టినట్టు కొత్త రవిక గుడ్డ చుట్టి, బంతిపూల మాల వేశాడు. కుంకుమ పళ్లెం పట్టుకుని నేను పక్కనే ఉన్నాను. కవరు తీయలేదని చూశాను. పూజ మధ్యలో ఎట్లా చెప్పడమని ఊరుకున్నాను.

మర్నాడు ఎనిమిదింటికి వెళ్లేసరికి బాన కాగుతోంది. మాల, రవిక గుడ్డ అట్లాగే ఉన్నాయి. ఇంజనీరుకు చెప్పాను. ఆయన ఫోనులోంచి తల ఎత్తకుండా, "వదిలే ముందు తీయిస్తాలే మేడమ్," అన్నాడు. పదకొండింటికి మీటింగుకని కర్నూలు వెళ్లిపోయాడు.

ఒంటిగంటకు పెద్దన్న దగ్గరికి వెళ్లాను.

"పెద్దన్నా, ఆ గుడ్డ తీయాల. గాలి పోయే దారి మూసుకునింది."

"మూడు దినాలు కదిలియ్యగూడదు పాపా. పూజ చేసిండేది."

"కవరు ఒక్కటన్నా తీయండి."

"గుడ్డ ఇప్పకుండా కవరెట్లొస్తాది? చేతి వాల్వు నేను తిప్పుతా గదా. ఇరవై ఏండ్లుగా తిప్పుతాండా. ఒక్కనాడన్నా మర్చిపోతినా?"

పక్కనున్న బాయిలరు ఆపరేటరు నవ్వాడు. "ఏమప్పా, మీ అమ్మవారికి రవిక ఉండేది పాపకు నచ్చల్యాదంట."

ఇంకో ఇద్దరు నవ్వారు. చెప్పాలనుకున్న మాటలన్నీ వరుసగా మనసులో ఉన్నాయి, ఇంట్లో నోటుబుక్కులో అయితే రెండు పేజీలు రాసేదాన్ని. ఒక్కటీ బయటికి రాలేదు. ఆఫీసుకు వచ్చి కూర్చున్నాను.

అక్కడ గోడకు ఎర్ర బిళ్లలు వేలాడుతుంటాయి. ఏ వాల్వుకైనా ఎర్ర బిళ్ల కడితే దాన్ని తిప్పకూడదు. కట్టినవాళ్లే తీయాలి. చేరి ఏడాదైనా నేను ఒక్కటీ కట్టలేదు. రెండు కావస్తుండగా, నీళ్లు వదిలే వేళకు ముందే ఒక బిళ్ల తీసుకుని వెళ్లి, బాన అడుగున నీళ్లు వదిలే వాల్వుకు కట్టాను. తీగ రెండుసార్లు జారింది. ఎవరివైపూ చూడలేదు.

ఎవరూ నవ్వలేదు. పెద్దన్న వచ్చి బిళ్లను చూశాడు, నన్ను చూశాడు.

"నామింద నమ్మకం లేదా పాపా?"

"ఉంది పెద్దన్నా. నమ్మకం ఉన్నా ఆ వాల్వు తెరిచే ఉండాల."

ఇది నోటుబుక్కులో రాసుకున్న మాట కాదు. ఎట్లా వచ్చిందో తెలియదు.

ఆయన తలెత్తి బాన మెడ వైపు చూశాడు. బాయిలరు ఆపరేటరు, "ఉద్వాసన చెప్పి తీయప్పా. ఇంట్లో వినాయకున్ని ఒక్క దినానికే పంపిస్తాం గదా?" అన్నాడు. ఈసారి అతని గొంతులో వేళాకోళం లేదు.

పెద్దన్న చేతులు కడుక్కొచ్చాడు. నిచ్చెనెక్కి మాలను రవ్వంత పక్కకు జరిపి, "పోయిరా తల్లీ," అని ముడి విప్పాడు. గుడ్డను కళ్లకద్దుకుని భుజాన వేసుకున్నాడు. పాలిథీన్ కవరు వేడికి మెత్తబడి వాల్వు అంచుకు అంటుకుపోయి ఉంది. గోటితో గీకి గీకి తీయాల్సి వచ్చింది. అప్పుడు నేను కూడా ఎక్కి, వాల్వు లోపలి మూత పైకీ కిందికీ ఆడుతోందని చేత్తో చూసుకున్నాను. దిగి ఎర్ర బిళ్ల తీసేశాను.

పెద్దన్న చేతి వాల్వు ఎప్పటిలాగే ముందుగా తిప్పాడు. నీళ్లు పోయాయి. పైనున్న వాల్వుకు తెరుచుకునే అవసరమే రాలేదు.

"చూస్తివా? కవరున్నా ఏం అయ్యేది కాదు," అన్నాడు.

అది నిజమే.

ఎర్ర బిళ్ల కడితే రిజిస్టరులో కారణం రాసి ఆపరేటరు చేత సంతకం పెట్టించాలి. సాయంత్రం ఆయన ముందు పెట్టాను.

"కండ్లజోడు తేల్యా. చదువు."

చదివాను. వాల్వుకు కవరు, గుడ్డ కట్టి ఉన్నాయి, రెండు గంటల పది నిమిషాలకు తీశారు.

"ఎవురు కట్టినారు?"

"అది రాయలేదు పెద్దన్నా."

"దానంతట అదే కట్టుకునిందా? కట్టింది నేనని రాయి. ఇప్పింది గూడా నేనే అని రాయి."

రెండూ రాశాను. ఆయన వాటి కింద నిదానంగా సంతకం పెట్టి, డ్యూటీ దిగడానికి వెళ్లిపోయాడు.