ప్రసంగం మధ్యలో లేచిన మసీనా

మసీనా వంగి నడిచే మనిషి. కూర్చున్న పెద్దల ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే నడుం వంచి, చెయ్యి కిందికి చాపి, "తులౌ, తులౌ" అని మన్నింపు అడుగుతూ దాటడం ఆమెకు ఉగ్గుపాలతో అబ్బింది. నడిసముద్రంలో సవాయి దీవిలో పుట్టి, పంతొమ్మిదేళ్ళకి ఆక్లండ్ నగరం చేరి, అక్కడి మాంగెరె పేటలో కాపురం పెట్టినా ఆ వంపు పోలేదు. ఇరవై రెండేళ్ళు కోళ్ళ ఫ్యాక్టరీలో చలిలో నిలబడి మాంసం కోసింది. అక్కడ సూపర్‌వైజరు కూర్చుని తింటుంటే అతని ముందు నుంచి కూడా వంగే వెళ్ళేది. తోటివాళ్ళు నవ్వితే, "నా నడుం, నా ఇష్టం. మీ సొమ్మేం పోయింది?" అనేది.

ఆమె మొగుడు సిమాను వారమంతా ఎయిర్‌పోర్టులో జనాల పెట్టెలు మోసేవాడు. శని, ఆదివారాలు మాత్రం అతణ్ణి పట్టడానికి వీల్లేదు. ఊరి తరఫున మాట్లాడే పెద్దరికం అతనిది. పెళ్ళి కానీ చావు కానీ, సిమాను కర్ర నేలకానించి గొంతు విప్పాడంటే, వెనక గిన్నెలు కడిగే ఆడవాళ్ళు కుళాయి కట్టేసి మరీ వినేవాళ్ళు. దేవుడికి కళ్ళు కుట్టాయో ఏమో, సరిగ్గా ఆ గొంతుకే ఎసరు పెట్టాడు.

కండరాలకు కబురందించే నరాలు ఒక్కొక్కటే ఆరిపోయే జబ్బు. ముందు చేతులు పోయాయి, తర్వాత కాళ్ళు, ఆఖరికి ఊపిరి. మెడకు కన్నం పెట్టి వెంటిలేటర్ తగిలిస్తే బతుకుతాడు, లేకపోతే వారం గడవదన్నారు డాక్టర్లు. సిమాను వద్దన్నాడు. మసీనా మంచం పట్టె పట్టుకుని మూడు రోజులు ఏడ్చింది. నాలుగో రోజు సరేనన్నాడు. గొంతు ఉండగా అతను ఆమెతో అన్న చివరి మాట ఇది:

"నీ కోసం ఒప్పుకుంటున్నానే. కానీ ఇంట్లో నన్ను పెద్దమనిషిగానే ఉంచు. రోగిని చెయ్యకు."

"నీ మీద ఒట్టు" అంది మసీనా.

ఒట్టయితే వేసింది కానీ, నిలబెట్టుకోవడం ఎంత కష్టమో ఆసుపత్రిలోనే తెలిసింది. వాళ్ళ ఆచారంలో పెద్దరికం ఉన్నవాడి తల ముట్టుకోకూడదు, అతని కంటే ఎత్తున నిలబడకూడదు. కఫం లాగాలంటే తల దగ్గర నిలబడి, వంగి చూస్తూ, మెడలో సన్నగొట్టం దించాలి. రోజుకి ఇరవై, ముప్పై సార్లు. మొదటి రోజు మోకాళ్ళ మీద కూర్చుని ప్రయత్నిస్తే గొట్టం ఎటో పోయింది. కొడుకు ఫెరెతి అయితే నాన్న మెడ మీద చెయ్యి వెయ్యనే వెయ్యలేకపోయాడు, ఆరడుగుల మనిషి వరండాలోకి పోయి ఏడ్చాడు. నేర్పే నర్సు పేరు జోఆన్. మంచి మనిషే, మాట మాత్రం కరుకు.

"ప్రతిసారీ ఆ తులౌ ఏంటి మసీనా? ఆయనకి నువ్వు ఊపిరి పోస్తున్నావ్, తప్పు చెయ్యట్లేదు."

"నీకు తెలీదులే అమ్మా" అనేది మసీనా. కానీ నేర్చుకుంది. కొడుక్కీ నేర్పింది. ఉద్యోగం మానేసింది. మాట రాని పెదాల కదలిక చదవడం కూడా పట్టుపడింది. గాలి అందకపోతే సిమాను నాలుకతో టక్కుటక్కుమని రెండుసార్లు కొట్టాలని ఇద్దరూ అనుకున్నారు. దానికి ఊపిరితో పని లేదు. పక్కగదిలో కునుకు తీస్తున్నా ఆ చప్పుడుకి ఆమె పరిగెత్తుకొచ్చేది.

ఆరు నెలలకి ఇంటికొచ్చాడు. మరుసటి శనివారం అతని ఊరివాళ్ళు చూడ్డానికి వస్తామని కబురంపారు. ఇప్పుడు వాళ్ళ తరఫున మాట్లాడేది ఫుయావా. సిమానుకి చిన్ననాటి నుంచీ జోడీ, మాటల్లో పోటీ. సిమాను కళ్ళల్లోకి వెలుగొచ్చింది. తెల్లారగానే పూలచొక్కా తొడగమన్నాడు, గడ్డం గీయమన్నాడు, దువ్వెన మూడుసార్లు పెట్టించుకున్నాడు. మసీనాకి కడుపు నిండిపోయింది. ఒట్టు నిలబడిందనుకుంది.

మధ్యాహ్నానికి హాలు నిండింది. చాపల మీద గోడల వెంట పెద్దలు కూర్చున్నారు. మంచం తల వైపు ఎత్తి, సిమానుని పై స్థానంలో ఉంచారు. అతని చెల్లెలు లోసా వస్తూనే మిషను వైపు చూసింది.

"ఏంటొదినా, మా అన్న ఇంకో పెళ్ళాన్ని తెచ్చుకున్నాడా? ఒకటే గురక పెడుతోంది."

సిమాను పెదాలు కదిపాడు. మసీనా చదివి చెప్పింది. "నాకు మాట లేదు కాబట్టి, ఇంట్లో నోరున్నది ఇదొక్కటే అంటున్నారు."

అందరూ నవ్వారు. ఆరు నెలల తర్వాత ఆ ఇంట్లో నవ్వు వినపడింది.

ఫుయావా గొంతు సవరించుకున్నాడు. వంశాల పేర్లెత్తుకుని రెండు మాటలన్నాడో లేదో, సిమాను దగ్గాడు, అలారం కీచుమంది. ఫుయావా ఆగాడు. మళ్ళీ మొదలెట్టాడు, మళ్ళీ కీచుమంది. సిమాను మొహం కందిపోయింది. "దాని నోరు నొక్కు" అన్నాయి పెదాలు. "నొక్కి, నీ చోట కూర్చో."

అలారం ఆపే మీట నొక్కితే రెండు నిమిషాలు ఏమైనా సరే మిషను నోరెత్తదు. నొక్కితే పక్కన నిలబడాలి, కదలకూడదని జోఆన్ వందసార్లు చెప్పింది. మసీనా గొట్టం చూసింది, బాగానే ఉంది. నొక్కింది. పెద్దల మధ్య ఆయన నెత్తిన ఎలా నిలబడుతుంది? వంగి నడుచుకుంటూ వచ్చి, వంటింటి గోడ దగ్గర, పెళ్ళాలు కూర్చునే చోట కూర్చుంది.

ఆ రెండు నిమిషాల్లోనే, లోసా, ఇంకో ఆవిడా కలిసి, కానుకగా తెచ్చిన సన్నచాపని రెండు కొసలూ పట్టుకుని, అందరికీ చూపిస్తూ మంచం మీదుగా పరిచారు. చాప అంచు గొట్టానికి తగిలి లాగింది. మెడ దగ్గర ఊడింది.

ఎవరూ చూడలేదు, మసీనా తప్ప. ఛాతీ లేవడం లేదు. ఆమె సిమాను కళ్ళల్లోకి చూసింది, నాలుక చప్పుడు కోసం చెవులు రిక్కించింది. సిమాను ఆమెనే చూస్తున్నాడు. నాలుక కొట్టలేదు. ఫుయావా మాట్లాడుతున్నాడు. పెద్ద మాట్లాడుతుంటే ఎవరూ లేవరు, ఎవరూ అడ్డు నడవరు, ఇల్లు తగలబడుతున్నా సరే. ఈ వాక్యం అవగానే లేద్దామనుకుంది మసీనా. వాక్యం అవలేదు. ఫుయావా వాక్యాలు సిమాను వాక్యాల్లాంటివే, ఒక పట్టాన తెగవు. సిమాను పెదాలు నీలంగా మారాయి.

లేచింది. వంగలేదు, తులౌ అనలేదు. చాపని కాలితో తొక్కి, ఫుయావాకీ అతని కర్రకీ మధ్య నుంచి దూసుకుపోయి, మంచానికి వేలాడే చేతి గాలిసంచిని మెడకు తగిలించింది. దాన్ని నొక్కుతూ "ఫెరెతీ!" అని గావుకేక పెట్టింది. ఫుయావా మాట సగంలో తెగిపోయింది. గది అంతా తలలు దించుకుంది.

సిమాను రంగు తిరిగి వచ్చింది. జనం కోకో కూడా తాగకుండా ఒక్కొక్కరే లేచారు. "మంచి పని చేశావొదినా" అంది లోసా, గొంతు తగ్గించి, ఆమె కళ్ళల్లోకి చూడకుండా.

అందరూ వెళ్ళాక మసీనా మంచం పక్కన కూలబడింది. "నాలుక ఎందుకు కొట్టలేదు?"

"ఫుయావా మాట్లాడుతున్నాడు" అన్నాయి పెదాలు.

"చచ్చిపోయేవాడివి!"

"తెలుసు." పెదాలు మళ్ళీ కదిలాయి. ఒక్కో మాటా విడివిడిగా, ఆమె తప్పు చదవకుండా. "నువ్వు కూర్చునే ఉండాల్సింది."

ఆ మాట ఆమె గుండెలో దిగబడింది. ఆర్నెల్లు ఒళ్ళు హూనం చేసుకుని కాపాడుకుంటున్నది ఈ మనిషినేనా అనిపించింది. కోపం వచ్చింది, ఆ కోపం మీద సిగ్గు వచ్చింది. నిజానికి అక్కడే కూర్చుని వాక్యం ముగిసేదాకా ఆగాలనుకున్నది తను కాదా?

"చూడు" అంది చివరికి. "ఇక మీదట ఎవరొచ్చినా, నీ తల దగ్గర నిలబడే ఉంటాను. చచ్చినా కూర్చోను. నేను ఒట్టు తప్పాననుకో, ఏమన్నా అనుకో."

సిమాను కళ్ళు మూసుకున్నాడు.

నాలుగు రోజులకి ఫుయావా ఫోన్ చేశాడు. "అమ్మా మసీనా, సగంలో ఆగిన ప్రసంగం అలా వదిలేయకూడదు. మా తాతల నాడు కూడా అలా జరగలేదు. శనివారం వచ్చి పూర్తి చేస్తాం. జరిగిందానికి నా మనసులో ఏం లేదు, నువ్వేం అనుకోకు."

మసీనా ఫోన్ గుండెకి ఆనించుకుని సిమాను దగ్గరికి వెళ్ళింది. "ఫుయావా. శనివారం వస్తాడట. రమ్మంటావా? నేను మాత్రం నిలబడే ఉంటాను."

సిమాను ఆమె వైపు చూశాడు. అతనికి ఆ ప్రసంగం కావాలి. ఆమెకి తెలుసు. దానికి పెదాలతోనైనా తిరిగి జవాబు చెప్పడానికే అతను ఆరు నెలలు ఆ మంచం మీద ఓపిక పట్టాడని కూడా తెలుసు. కూర్చుంటానని ఒక్కమాట అంటే చాలు. ఆమె అనలేదు.

"వద్దను" అన్నాయి పెదాలు. "ఎవర్నీ రావద్దను."

ఆమె ఫోన్ చెవికి పెట్టుకుంది. "ఆయనకి ఒంట్లో బాగోలేదు అన్నయ్యా. వద్దంటున్నారు."

"మరి ఎప్పుడు రమ్మంటావ్?"

"రావద్దు" అంది మసీనా. "ఎవరూ రావద్దు."