పాలివాడి అడ్డబోరు

నిజాం సర్కారు పోయిన కొత్తల్లో, పెద్దపల్లి స్టేషన్లో రైలు కోసం కూర్చుంటే, ఒక ముసలాయన ఇనుప కడ్డీల కట్ట దించి నా పక్కన కూర్చున్నాడు. బావుల లోపల గోడల్లోకి అడ్డంగా తొలిచి ఊట పట్టే అడ్డబోర్లు వేస్తాడట. దాయాది అయిన మా పాలివాడి బావికి వేసిందీ ఆయనే. ఆ బోరు పడ్డప్పటి నుంచి అక్కడ మోట ఆగడం లేదు, ఇక్కడ నాకు నిద్ర పట్టడం లేదు.

"మా పాలోడి పక్క బాయే నాది తాతా. నాకు గూడ బోరెయ్యి, గాయన బాయి దిక్కే ఎయ్యి," అన్నాను.

"ఎంత పొడుగేసినా ఇసుక పొర తగల్లేదంటె నీళ్లు రావు బిడ్డా. మీ దగ్గర ఊట గుట్ట దిక్కున్నది. గాయనకు గూడ గదే చెప్పిన."

"ఆయనేమడిగిండు?"

"నీ బాయి దిక్కు ఎయ్యమన్నడు."

నా బావిని చూసి కూడా ఒకడు కుళ్లుకున్నాడన్నమాట. ఆ రాత్రి కంటినిండా నిద్రపట్టింది.