అడవికోడి వేటలో అమ్మకి చెప్పాల్సిన మాట

నాకు డిగ్రీ వచ్చింది. ముందు ఆ మాట చెప్పేస్తాను, మిగతాదంతా తర్వాత. వచ్చిన రోజు ఆ మాటని పొద్దుట్నుంచి చీకటిపడే దాకా గొంతులోనే పెట్టుకుని అడవిలో తిరిగాను. ఇంకోసారి అలా ఆపుకోవడం నా వల్ల కాదు.

మా ఇంట్లో పదో తరగతి దాటింది నేనొక్కదాన్నే. అమ్మ బీడీలు చుడుతుంది. నాన్న తాపీపని చేస్తాడు. పాలిటెక్నిక్ అయ్యాక కెనడా వచ్చి కాల్గరీలో కాలేజీలో చేరాను. అంతా బాగానే నడిచి చివర్లో ఒక్క సబ్జెక్టు తప్పాను. ఎండాకాలమంతా దాన్నే పట్టుకుని మళ్లీ రాశాను.

నేను విమానం ఎక్కిన రోజు అమ్మ ఒక మొక్కు మొక్కుకుంది. నా చదువు అయ్యేదాకా కోడికూర ముట్టదట. మా అమ్మకి కోడికూరంటే ఎంత ఇష్టమో తెలిస్తేనే ఆ మొక్కు బరువు తెలుస్తుంది. పెళ్లిళ్లకి పోయి పప్పుచారుతో తినొచ్చేది. నేను తప్పానని చెప్పి ఫోన్లో ఏడుస్తుంటే, "ఏం గాదు బిడ్డా, ఇంకిన్ని దినాలు పప్పే తింట. పప్పేమన్న చేదా?" అంది. తర్వాత ఒక్కటే అడిగింది. "అచ్చినప్పుడు ముందుగాల నాకే చెప్పు. ఊరోళ్ల నోట ఇననియ్యకు." చెప్తానని మాటిచ్చాను.

కాల్గరీలో ఒక తెలుగు వాళ్ల ఇంటి బేస్‌మెంట్‌లో ఉంటాను. ఇంటాయన గుంటూరు వైపు మనిషి, ఆయిల్ కంపెనీలో ఐటీ ఉద్యోగం. ఆయన్ని అన్న అంటాను, వాళ్లావిడని వదిన. వాళ్ల అమ్మాయికి పద్నాలుగేళ్లు. ఇంట్లో అందరూ ఇంకా పాప అనే పిలుస్తారు, తనకి ఆ పిలుపంటే ఒళ్లు మంట. అన్నకి కడప నుంచి వచ్చిన ఒక స్నేహితుడున్నాడు, అందరికీ కడపన్న. ఈ స్నేహితులిద్దరూ మూడు నాలుగేళ్లుగా ఆకులు పండే కాలంలో గ్రౌజ్ వేటకి వెళ్తుంటారు. గ్రౌజ్ అంటే కౌజుపిట్ట కంటే పెద్దది, నాటుకోడి కంటే చిన్నది. ఎండుటాకుల రంగులో ఉండి, ఎండుటాకుల్లోనే నిలబడితే కనపడదు. కడపన్న దాన్ని అడవికోడి అంటాడు.

ఈసారి పాప కూడా వేట పరీక్ష పాసై కార్డు తెచ్చుకుంది. మొదటి వేట. "నువ్వు రా అక్కా, లేకపోతే వీళ్లిద్దరి జోక్స్ నేనొక్కదాన్నే వినాలి" అంటే వెళ్లాను.

శనివారం పొద్దున్న అన్న పికప్ ట్రక్‌లో ఊరు దాటి, అడవి దారి మొదలయ్యే ముందు చివరి పెట్రోల్ బంకులో ఆగాం. వాళ్లు ముగ్గురూ కాఫీలకి లోపలికెళ్లారు. ట్రక్ వెనక సీట్లో కూర్చుని ఫోన్ తీశాను. కాలేజీ నుంచి మెయిల్. మొదటి లైన్‌లోనే ఉంది. రెండోసారి చదివాను. మూడోసారి నా పేరు సరిగ్గా రాశారో లేదో చూసుకోవడానికి చదివాను.

వెంటనే అమ్మకి చేశాను. అక్కడ రాత్రి ఏడున్నర, సీరియల్ టైమ్. ఫోన్ వంటింట్లో చార్జింగ్‌లో ఉంటుంది, టీవీ ముందుగదిలో. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. మళ్లీ ఆగిపోయింది.

అప్పుడే నాతోపాటు ఆ సబ్జెక్టు తప్పి మళ్లీ రాసిన క్లాస్‌మేట్ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "మనిద్దరికీ వచ్చింది పో. మా నాన్నకి ఫోన్ చేస్తున్న." ఈ అబ్బాయిది మా ఊరే. వాళ్ల నాన్నది కిరాణా షాపు. అమ్మ నూనె, చాయపత్తా, అన్నీ అక్కడే తెస్తుంది. సీరియల్ అయిపోగానే పొద్దున్నకి కావాల్సినవి తేవడానికి అటే పోతుంది. షాపాయనకి గొంతు పెద్దది. తన కొడుకు పాసైతే నా సంగతీ చెప్పకుండా ఊరుకోడు.

"మా అమ్మకి చెప్పొద్దని మీ నాన్నకి చెప్పు" అని టైప్ చేస్తుండగా ముగ్గురూ ఎక్కారు. ట్రక్ కదిలింది. పంపాను గానీ మెసేజ్ పక్కన చక్రం గుండ్రంగా తిరుగుతూనే ఉంది. కొండ మలుపు దాటాక ఎర్రగా మారి ఆగిపోయింది.

"అన్నా, ముందెక్కడైనా సిగ్నల్ ఉంటుందా?"

"ఇంకెక్కడి సిగ్నలమ్మా. సాయంత్రం మళ్లీ ఆ బంకు దగ్గరే. ఏం, ఏదైనా అర్జెంటా?"

లేదన్నాను. చెప్తే ముగ్గురూ సంతోషిస్తారు. వెనక్కి తిప్పినా తిప్పుతారు. అమ్మకంటే ముందు వీళ్లకి తెలుస్తుంది కదా అనే నోరు మూసుకున్నాను. పైగా పాప మొదటి వేట. తుపాకీ కేసు మీద చెయ్యి వేసుకుని, బడికి మొదటిరోజు వెళ్తున్న పిల్లలా నిటారుగా కూర్చుంది.

"ఈరోజు శనివారం, తెలుసు కదా?" అన్నాడు అన్న ముందు సీట్లోంచి. "నువ్వు శనివారం నీసు తినవుగా."

"తినను. కాల్చేదానికేం పట్టింపు లేదప్పా" అన్నాడు కడపన్న. "ఈపొద్దు కాల్చి, ఫ్రిజ్‌లో పెట్టి, రేపు తింటా."

"దేవుడి దగ్గర కూడా లాయర్‌లా మాట్లాడతావు."

"నువ్వైతే పోయినేడు సోమవారం కూడా తిన్నావు, ఆ మాట వదినకి చెప్పమంటావా?"

పాప నా వైపు చూసి కళ్లు తిప్పింది.

మట్టిదారి పక్కన ట్రక్ ఆపి నడక మొదలుపెట్టాం. ఒకప్పుడు చెట్లు కొట్టి దుంగలు మోసుకెళ్లిన దారి, ఇప్పుడు గడ్డి మొలిచింది. రెండు వైపులా పసుప్పచ్చ ఆకుల చెట్లు, వాటి వెనక నల్లగా, సూదుల్లాంటి ఆకుల స్ప్రూస్ చెట్లు. అన్న వేలు పెదవుల మీద పెట్టుకుని చూపించాడు. ఇక మాటల్లేవు. పిట్టకి అడుగుల చప్పుడు వినపడినా కదలదట, మనిషి గొంతు వినపడితే మాత్రం ఎగిరిపోతుందట.

లోకంలో ఎవరికైనా చెప్పేయాలనున్న రోజు, మాట్లాడకూడని చోటికి వచ్చాను. పాప ముందు, ఆ వెనక అన్న, ఆ వెనక నేను, కొంచెం దూరంలో కడపన్న. జేబులో చేతికి ఫోన్ తగిలినప్పుడల్లా తీసి చూసేదాన్ని. లేదు. గట్టు ఎక్కినప్పుడు చెయ్యి పైకెత్తి చూశాను. అన్న వెనక్కి తిరిగి, ఏంటి అన్నట్టు తలెగరేశాడు. చెట్టు చూస్తున్నానన్నట్టు పైకి చూశాను.

అక్కడ సీరియల్ అయిపోయుంటుంది. అమ్మ సంచీ పట్టుకుని బయల్దేరి ఉంటుంది. షాపు ముందు నలుగురుంటారు. షాపాయన త్రాసు మీంచి తల పైకెత్తి ఉంటాడు. నాకా దృశ్యం మొత్తం కనిపిస్తోంది, దాన్ని ఆపడానికి నా దగ్గర ఒక్క సిగ్నల్ గీత కూడా లేదు.

మధ్యాహ్నం లోపు ఒక పిట్ట లేచింది. కాళ్ల దగ్గర్నుంచే లేచింది, ఆ రెక్కల చప్పుడుకి ఒకడుగు వెనక్కి వేశాను. పాప తుపాకీ భుజానికి ఎత్తేలోపే చెట్లలో కలిసిపోయింది. దుంగ మీద కూర్చుని వదిన కట్టిచ్చిన పులిహోర తిన్నాం. పాప తినలేదు.

"తిను మా. నేను మొదటేడు చెట్టుని కాల్చినా" అన్నాడు కడపన్న.

"రెండో ఏడు కూడా" అన్నాడు అన్న.

"అదే చెట్టు కాదు గదా."

పాప నవ్వలేదు. "ఇట్ వాజ్ రైట్ దేర్" అంది మెల్లగా.

పొద్దు వాలుతుండగా దారి మధ్యలో ఒకటి కనపడింది. గడ్డిలో మెడ చాచి నిలబడి ఉంది. అన్న పాప వెనక మోకాలి మీద కూర్చుని చెవిలో ఏదో చెప్పాడు. పాప చాలాసేపు గురి చూసింది. తుపాకీ పేలింది.

పిట్ట పడింది. పడి, గడ్డిలో గిరగిరా తిరిగి, ఒక రెక్క నేలకి ఈడుస్తూ పరిగెత్తి, దారి పక్కన విరిగిపడిన చెట్ల గుట్టలోకి దూరిపోయింది.

"ఐ హిట్ ఇట్. డాడీ, ఐ హిట్ ఇట్, కదా?"

"తగిలిందమ్మా" అన్నాడు అన్న. తుపాకీ తీసుకుని గుళ్లు తీసేసి పక్కన పెట్టాడు. "దెబ్బ తగిలిన పిట్టని వదిలేసి పోకూడదు. పట్టుకోవాలి. పదండి."

నలుగురం ఆ గుట్టలోకి దిగాం. ఒకదాని మీద ఒకటి పడ్డ చెట్లు, వాటి మీద నాచు, కింద చీకటి బొరియలు. పిట్ట రంగు, ఆకుల రంగు, బెరడు రంగు అన్నీ ఒకటే. పాప పొట్ట మీద పడుకుని దుంగల కింద చెయ్యి పెట్టింది. మూడు ఈకలు దొరికాయి. ఒక దాని మీద రక్తం చుక్క.

నిజం చెప్తున్నాను, మొదట్లో నా ధ్యాస పిట్ట మీద కాక బంకు మీదే ఉంది. ఇప్పుడు బయల్దేరితే అమ్మ లేచే వేళకి అందుతాను, రాత్రి ఏ కారణంతోనో షాపుకి పోకుండా ఉండి ఉంటే ఇంకా నేనే ముందు. కుక్క ఉంటే దొరికేదని కడపన్న అంటుంటే, కుక్క లేదు కదా, ఇక పోదామని ఎవరో ఒకరు అంటే బాగుండుననుకున్నాను. ఎవరూ అనలేదు. నేనూ అనలేకపోయాను. పాప మోచేతులు గీరుకుపోయి, ముఖం నిండా మట్టితో ఇంకో దుంగ కిందికి పాకుతోంది.

వెలుగు తగ్గింది. అన్న, కడపన్న గుట్ట అవతలి వైపు వెతుకుతున్నారు. పాప పక్కన నేను కూడా నేల మీద పడుకుని ఫోన్ టార్చ్ కొడుతున్నాను. ఆరోజు ఆ ఫోన్ పనికొచ్చింది అందుకొక్కదానికే.

"అది ఇంకా బతికే ఉంది కదా అక్కా."

ఉండొచ్చన్నాను.

"లోపల ఎక్కడో కూర్చుని మనల్ని వింటోంది. ఐ డిడ్ దట్." వెక్కిళ్లు మొదలయ్యాయి. శబ్దం రాకుండా ఏడుస్తోంది. "ఐ కాంట్ ఫిక్స్ ఇట్."

వీపు మీద చెయ్యి వేశాను. ఆగలేదు. దొరుకుతుందిలే అందామంటే దొరకదని ఇద్దరికీ తెలుసు. నా దగ్గరున్నది ఒక్కటే మాట.

"నాకు డిగ్రీ వచ్చింది" అన్నాను.

పాప తలెత్తింది. ముక్కు తుడుచుకుంది. "వాట్? లైక్, పాస్? ఎప్పుడు?"

"పొద్దున్న. బంకులో."

"అప్పట్నుంచీ చెప్పలేదా? వై?"

"మా అమ్మకి ముందు చెప్తానని మాటిచ్చాను. ఫోన్ తియ్యలేదు."

"సో నేను ఫస్టా?"

"అవును."

"ఓ నో" అంది. ఏడుపు మధ్యలో ఒక చిన్న నవ్వొచ్చి, వెంటనే పోయింది. "ఐ వోంట్ టెల్ హర్. ఎవరికీ చెప్పను." మట్టి చేత్తోనే నా చెయ్యి ఒకసారి పట్టుకుని, మళ్లీ దుంగ కిందికి వంగింది.

పిట్ట దొరకలేదు. టార్చ్ వెలుగు తప్ప ఇంకేమీ కనపడని వేళకి అన్న వచ్చి పాప భుజాలు పట్టి లేపాడు. "ఇంక చాలమ్మా. మనం చేయగలిగింది చేశాం." ట్రక్ దాకా ఎవరూ మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడొచ్చు, అయినా మాట్లాడలేదు.

బంకు దీపాలు కనపడకముందే నా జేబులో ఫోన్ కొట్టుకోవడం మొదలుపెట్టింది. క్లాస్‌మేట్ మెసేజ్: "మా నాన్న ఊరంతా చాక్లెట్లు పంచిండు." చిన్నమ్మ నుంచి రెండు మిస్డ్ కాల్స్, ఎన్నడూ చేయని మేనత్త నుంచి ఒకటి. అమ్మ నుంచి ఒక్కటీ లేదు.

అయిపోయింది. అందరికీ తెలుసు.

అయినా చేశాను. అక్కడ ఆదివారం, అప్పుడే తెల్లారుతోంది. ఒక్క రింగుకే ఎత్తింది. ఫోన్ చేతిలో పట్టుకునే కూర్చుందన్నమాట.

"ఏం బిడ్డా, గింత పొద్దుగాల చేసినవ్?" అంది. గొంతు మరీ మామూలుగా ఉంది. అంత మామూలుగా మా అమ్మ ఎప్పుడూ మాట్లాడదు.

"అమ్మా, నాకు డిగ్రీ వచ్చింది."

ముందు సీట్లో అన్న, కడపన్న ఒకేసారి వెనక్కి తిరిగారు. "నిజమా? పాసైనవా?" అంది అమ్మ. ఎంత బాగా ఆశ్చర్యపోయిందంటే, మెసేజ్‌లు చూడకపోతే నమ్మేదాన్ని. "నువ్వు చెప్పేదాక నాకేం ఎరుక బిడ్డా."

వెనక నుంచి నాన్న అరిచాడు. "ఏమే, నీళ్లు మసులుతున్నయ్, కోడిని పట్టుకొస్తున్న."

నీళ్లు మసిలేది కోడి ఈకలు పీకడానికి. పొయ్యి ఎప్పుడంటిస్తే ఇప్పటికి మసులుతాయో నాకు తెలుసు.

"స్నానానికి పెట్టిన" అంది అమ్మ గబుక్కున.

"సరే అమ్మా."

"ఇంకెవలికన్న చెప్పినవా?"

పక్కన పాప ఉంది. తనకి తెలుగు బాగానే అర్థమవుతుంది. నా ముఖం వైపు చూడకుండా కిటికీలోంచి చీకట్లోకి చూడడం మొదలుపెట్టింది.

"లేదమ్మా. నీకే ముందు."

అమ్మ ఏడ్చింది. అది మాత్రం నటన కాదు. ఏడుస్తూనే, "నడుము లేస్తలేదే, బీడీలు చుట్టి చుట్టి. గీ మాటకోసమే చుట్టిన" అంది. ఇంకేదో అనబోతుంటే ఫోన్లోంచి కోడి అరుపు వినపడింది. గట్టిగా, దగ్గరగా. నాన్న తెచ్చేశాడు. "పెట్టెయ్ బిడ్డా, పనున్నది, మల్ల మాట్లాడుత" అంది గానీ ఫోన్ కట్ చేయలేదు. గట్టు మీద పెట్టినట్టుంది. కోడి అరుస్తూనే ఉంది.

"పొద్దుట్నుంచీ కడుపులో పెట్టుకున్నావా? ఎంత మొండిదానివి మా నువ్వు" అంటున్నాడు కడపన్న. అన్న ట్రక్ బంకులోకి తిప్పుతూ, వదినకి చెప్పాలి, కేకు తేవాలి అంటున్నాడు.

పాప కిటికీ వదిలి నా ఫోన్ వైపు చూసింది. "అది చికెనా?"

"అవును."

"మీ అమ్మ క్విక్‌గా చేస్తారా?"

"మా అమ్మ చేత్తోనా? దానికి తెలిసేలోపే అయిపోతుంది."

పాప తలూపింది. ఇద్దరం ఫోన్ మీదికి వంగి విన్నాం. అరుపు ఆగింది. నీళ్ల శబ్దం, అమ్మ ముక్కు చీదుకోవడం, ఆ తర్వాత నాన్నతో "ఉప్పు తక్కువెయ్యకు, పోయినసారి తక్కువేసినవ్" అనడం వినపడ్డాయి. పోయినసారి అంటే నేను విమానం ఎక్కక ముందు.