కొత్త విమానం కోసం మొక్కిన కోడి

మా ఇంట్లో కోడికూర వండుకోవడానికి ఒక యుద్ధవిమానం అడ్డమొచ్చిందంటే ఎవరూ నమ్మరు. ఆళ్లగడ్డలో మా పెరట్లో చాలా ఏళ్లు జరిగింది అదే. పోయినేడాది కోళ్లన్నీ చర్చికి వెళ్లిపోయాయి. పొద్దున్నే వాటి గోల లేక ఇప్పుడు నాకు ఏమీ తోచడం లేదు. అప్పట్లో ఎంత తిట్టుకున్నానో!

మా ఆయన వైమానిక దళంలో మెకానిక్. ఆయన ఎగిరేవాడు కాదు. పైలట్ ఎక్కకముందు విమానాన్ని ముక్కు నుంచి తోక దాకా తడిమి చూసి, బాగుందని సంతకం పెట్టేవాడు. ఆయన చేరేనాటికే ఆ విమానాలు ముసలివి. పెళ్లయిన కొత్తలో సెలవు మీద వచ్చినప్పుడు, "ఇంగ రెండేండ్లే. కొత్తవి వస్తాండాయి. వాటి మింద చెయ్యేసి ఇంటికొచ్చేస్తా" అన్నాడు. నేను నంద్యాల బడిలో టీచర్ని, రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని. రెండేళ్లు ఎంతలో గడుస్తాయిలే అనుకున్నాను.

ఆ సెలవులోనే ఒక మధ్యాహ్నం అన్నం తింటూ తన తల్లి దగ్గర మనసు విప్పాడు. "మా, ఇమానం లేచినంక అది దిగేదాకా నాకు ముద్ద దిగదు. నా సంతకం నమ్ముకొని ఎక్కింటారు గదా" అన్నాడు. మా అత్త ఇంకొంచెం పప్పు వేసింది, అంతే. ఆదివారం చర్చిలో పాస్టరయ్య ప్రార్థన మనవులు అడిగినప్పుడు మాత్రం లేచి నిలబడింది. "మావోనికి కొత్త ఇమానం రావాల. వచ్చిన ఏడాది కోతల పండక్కు కోడిని ఇస్తా" అంది. ఇంటికొచ్చి పాత చీర అంచు చించి నల్ల పెట్ట కాలికి కట్టింది.

కోతల పండగకు మా చర్చికి ఎవరి పంటలో మొదటిది వాళ్లు తెస్తారు. జొన్న కంకులు, గుమ్మడికాయలు, కోళ్లు బలిపీఠం ముందు చేరతాయి. ముందుగా మొక్కుకున్నదైతే అది ఇక దేవునిదే, మనం ముట్టకూడదు. మా అత్త చేసిన పొరపాటల్లా మొక్కుకు విమానాన్ని ముడిపెట్టడమే.

విమానం రాలేదు. పెట్ట మాత్రం పొదిగింది. "అత్తా, మొక్కింది ఒక కోడినే గదా?" అన్నాను.

"తల్లి దేవునిదైతే పిల్లలు నీవెట్లయితాయమ్మీ?" అంది.

ఆమెతో వాదించడం కంటే గోడతో చెప్పుకోవడం మేలు. కాళ్లకు అడ్డం పడేటన్ని కోళ్లు ఇంట్లో ఉండగా, చుట్టాలొస్తే నేను బజారుకు పోయి కోడిమాంసం తెచ్చేదాన్ని. ముసలి పెట్ట పోతే ఆ గుడ్డపీలిక దాని కూతుళ్లలో నల్లదాని కాలికి వచ్చేది.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే పేపరు తెరిచేదాన్ని. కొత్త విమానాలు వచ్చే ఏడాది అని రాసేవాళ్లు. ఆ వచ్చే ఏడాది కూడా వచ్చి, మళ్లీ వచ్చే ఏడాది అనేది. ఒకసారి టెండరు రద్దు, ఒకసారి బేరం కుదరలేదు, ఒకసారి ఇంజన్లు బయటి దేశం నుంచి రాలేదు. కొత్తవాటికి షెడ్డు కట్టేశారని ఆయన ఫోన్లో చెబితే, ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అని నవ్వాను. చర్చిలో ఆడవాళ్లు మా అత్తను వదిలేవాళ్లు కాదు. "ఏమక్కా, మీ ఇమానం నంద్యాల దాటిందా? అహోబిలం తిర్నాల బస్సయినా ఈపాటికి వచ్చింటుంది గదా!" అనేవాళ్లు. అత్త కూడా నవ్వేది. ఆ నవ్వులు తలుచుకుంటే ఇప్పుడు హాయిగా ఉంటుంది.

ఒకరోజు నేను బడిలో ఉండగా, ఎక్కడో పాత యుద్ధవిమానం కూలిందని టీవీలో వచ్చిందని తోటి టీచర్ చెప్పింది. ఆయనకు ఫోన్ చేస్తే కలవలేదు. పిల్లలకు ఎక్కం రాయమని చెప్పి, బోర్డు వైపు తిరిగి నిలబడ్డాను. మధ్యాహ్నం ఆయనే చేశాడు. "మాది కాదు" అని మాత్రం అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషానికి ఇవాళ్టికీ సిగ్గుపడతాను. ఇంటికొచ్చేసరికి అత్త కోళ్లకు గింజలు చల్లుతూ, ఆ పైలట్ తల్లి కోసం గట్టిగా ప్రార్థన చేస్తోంది.

రెండేళ్లని చెప్పిన మనిషి సర్వీసు పొడిగించుకుంటూ పోయాడు. చివరికి పొడిగించడానికి వయసు ఒప్పుకోలేదు. పోయినేడాది కోతల పండగకు ముందు ట్రంకు పెట్టెతో వచ్చి మంచం మీద కూలబడ్డాడు.

"మా, కొత్తది రాలేదు. నీ మొక్కు అట్లనే ఉండిపాయ" అన్నాడు. ముఖం చూపించలేకపోయాడు.

అత్త కొడుకు పక్కన కూర్చుంది. "నువ్వు సంతకం పెట్టి పంపినవి అన్నీ దిగినాయా?"

ఆయన ఒక్కొక్కదాన్నీ కళ్ల ముందుకు తెచ్చుకుంటున్నట్టు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. "అన్నీ దిగినాయి మా."

"నేను ఏమడిగినానో దేవునికి తెలుసులే. పో, ముందు గుడ్డ కట్టిన కోడిని పట్టుకొనిరా."

పెరట్లోకి పోయిన మనిషి ఎంతసేపటికీ రాలేదు. వెళ్లి చూస్తే నల్ల పెట్టను ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. ఒక్కో రెక్కా ఎత్తి కింద చూశాడు, కాళ్లు తడిమాడు, గుడ్డముడి లాగి చూశాడు. అంతా అయ్యాక బాగుందన్నట్టు తలూపి, నా చేతికిచ్చాడు.