దించని కాలు

మొన్న శ్రీకాకుళంలో నడుం నొప్పికి చూపించుకుంటే, ఇన్నేళ్లూ ఎడమకాలు ఎత్తుపీట మీద పెట్టి గిటారు వాయించడం వల్లే నడుం ఒక పక్కకు లాగేసిందనీ, ఇకనుంచి రెండు పాదాలూ నేల మీదే ఉంచమనీ డాక్టరుగారు చెప్పారు. మా అమ్మాయి వెంటనే ఫోనులో వెతికి, తొడకూ గిటారుకూ మధ్య పెట్టుకునే దిండు ఒకటి తెప్పించింది. బాగానే ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. అయినా దాన్ని పెట్టెలో పడేసి, పీట లాక్కుని కాలెత్తి కూర్చున్నాను. ఇది మొండితనమంటుంది అమ్మాయి. ఈ కాలు ఎత్తడానికి నేను పడ్డ పాట్లు నా ఈడువాళ్లకైతే చెప్పుకోవచ్చు.

నాకు గిటారు నేర్పింది రైల్వేలో పనిచేసిన మా చిన్నాన్న. ఆయన ఖరగ్‌పూరులో ఉండగా తోటి ఉద్యోగి దగ్గర నేర్చుకొచ్చి, గిటారును చేతులతో మొయ్యకూడదు, ఒళ్లే మొయ్యాలి, ఎడమ తొడ కాస్త ఎత్తుగా ఉంటే అది గుండెకు ఆనుకుని దానంతటదే నిలబడుతుంది, అప్పుడే వేళ్లు ఆడతాయి అని చెవినిల్లు కట్టుకుని పోరేవారు. ఆ పోరు ఒంటికి పట్టేశాక నన్ను కోటబొమ్మాళి దగ్గర ఒక రైతుకుటుంబంలో ఇచ్చారు.

ఆ ఇంట్లో కోడళ్లు పెద్దల ఎదుట కుర్చీలోనే కూర్చోరు, ఇక కాలెత్తడమా! గిటారు మీద ఎవరికీ పేచీ లేదు, పేచీ అంతా కాలు మీదే. వీణలాగ చాప మీద బాసింపట్టు వేసుకుని వాయించుకోమని మా అత్తగారు మంచిగానే చెప్పింది. వాయించి చూశాను. గిటారు ఒడిలోకి జారిపోతూంటే, ఎడమచెయ్యి దాని మెడ పట్టుకుని నిలబెట్టడానికే సరిపోయింది, ఇక వేళ్లు తీగల మీద కదిలేదెప్పుడు? ఇలాగైతే కొన్నాళ్లకి వాయించడమే మానేస్తానని భయం వేసింది. ఆ భయమే నా చేత వరండాలో కుర్చీ వేయించింది. ఎత్తుకోసం చేతికందిన ధాన్యం కొలిచే కుంచాన్ని బోర్లించి దాని మీద కాలు పెట్టేసరికి అత్తగారు లబోదిబోమంది. లక్ష్మిని తొక్కితే ఎవరూరుకుంటారు, అది తప్పే. కుంచాన్ని కళ్లకద్దుకుని లోపల పెట్టి, రెండు ఇటుకలు తెచ్చుకున్నాను. కళ్లం నుంచి వచ్చిన మామగారు మెట్ల దగ్గరే ఆగిపోయారు.

“పెద్దోల ముందర అలగ కాలెత్తుకోని కూకుంతావేటి? దించు.”

“దించితే ఇది జారిపోతాది మావయ్యా. దించను.”

నా కాలు కదల్లేదు. ఆయన వెనుదిరిగి, పెరటిదారిన ఇంట్లోకి వెళ్లారు. ఆనాటినుంచి నేను వాయిస్తున్నంతసేపూ ఆయనది పెరటిదారే, వానాకాలం పశువులశాల దగ్గర కాళ్లు దిగబడిపోయే బురదైనా సరే. పోయేదాకా ఆయన ఒప్పుకోలేదు, నేనూ దించలేదు. కాని ఏ రోజైనా తొందరగా ఆపేస్తే మాత్రం పెరట్లోంచి ఆ గొంతే గట్టిగా అడిగేది: “ఏటి, ఇయాల అప్పుడే ఆపీసినావు?”

ఇప్పుడు అదే వరండాలో మా ఇంటి పిల్లలు నా ఎదుటే బల్లమీదకి కాళ్లు బార్లా చాపి ఫోన్లు చూసుకుంటారు. చాపనివ్వండి, నేను కోరుకున్నదీ అదే, ఒక్కరినీ దించమనను. కాని నేను తీగ మీద చెయ్యి వేశానో లేదో లేచి వెళ్లి గది తలుపు వేసుకుంటారు. మధ్యలో ఆపేసినా ఎందుకాపావని అడిగేవాళ్లు లేరు. నా కాలు మీద కోపంతో బురదలో నడిచిన ఆ మనిషి, నా పాట వినపడకుండా ఏనాడూ తలుపు వేసుకోలేదు.